పేరు ముందు ‘డాక్టర్’ వేయమంటే మీరు ఎలా సరిచూసుకుంటున్నారు?

గ్రంథాలయ కమిటీ సభ్యుడు, తెనాలి:
ఉగాది సభకు మేం పిలిచిన అతిథి పేరు ముందు ‘డా.’ తప్పకుండా వేయాలని ఆయన మనిషి ఫోన్ చేశారు. ఏ యూనివర్సిటీ అని అడిగితే విదేశీ గౌరవ డాక్టరేట్ అన్నారు. వెతికితే ఒక వెబ్‌సైట్ తప్ప క్యాంపస్, కోర్సులు ఏవీ కనిపించలేదు. చందా ఇచ్చే పెద్దమనిషి, వేసేద్దాం అంటున్నారు కొందరు. పిల్లలకు పుస్తకాలు బహుమతిగా ఇచ్చే సభ అది. నాకు మనసొప్పడం లేదు. మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారు?

రిటైర్డ్ ఉద్యోగి (పరీక్షల విభాగం), విశాఖ:
అడగడం మంచిదైంది. 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు (యూనివర్సిటీతో సమానమని కేంద్రం గుర్తించిన సంస్థలు), పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. దీన్ని ఉల్లంఘిస్తే ఆ చట్టంలో ఉన్న శిక్ష వెయ్యి రూపాయల వరకు జరిమానా. ఇన్నేళ్లలో రూపాయి విలువ ఎంత పడిపోయిందో తెలుసుగా, ఇక భయం ఎందుకుంటుంది? యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితాను వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో గుంటూరు, విశాఖ చిరునామాలు కూడా ఉన్నాయి. ముందు అది చూడండి.

ఇంకో మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర యూనివర్సిటీ) గౌరవంగా ‘కళాప్రపూర్ణ’ ఇచ్చేది. గిడుగు రామమూర్తి గారికి 1938లో ఇచ్చింది, తర్వాత జాషువా గారికీ ఇచ్చింది. అది ఎవరిచ్చిన గౌరవమో చదివినవాళ్లకు తెలిసేది, పరిశోధన చేసి తెచ్చుకున్న పట్టా అని ఎవరూ పొరబడేవారు కాదు. మీ అతిథికి నిజంగా గౌరవ డాక్టరేట్ ఉంటే, పేరు తర్వాత ‘గౌరవ డాక్టరేట్, ఫలానా యూనివర్సిటీ’ అని పూర్తిగా వేయండి.

పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్:
ఈ మాట చాలామంది చెప్పాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది. కోర్సు వర్క్, సిద్ధాంత గ్రంథం, బయటి పరీక్షకులు, మౌఖిక పరీక్ష అన్నీ దాటాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. థీసిస్ ఇచ్చేశానని బంధువులతో చెబితే ఒకాయన ‘‘ఎంతయింది?’’ అని అడిగారు. ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే కొంటారనుకున్నారు. ఫ్లెక్సీల మీద చూసి చూసి అలా అనుకుంటున్నారు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

న్యాయవాది, వరంగల్:
రాజకీయ నాయకులైతే దారి ఉంది. ఎన్నికల అఫిడవిట్‌లో చదువు వివరం రాయాలి, అది ఎన్నికల సంఘం సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. తప్పుడు వివరం ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మణిపూర్‌లో మొయిరాంగ్ ఎమ్మెల్యే లేని ఎంబీయే చూపించారని తేలింది. 2016లో సుప్రీంకోర్టు ఆ ఎన్నిక చెల్లదని తీర్పిచ్చింది. అభ్యర్థి చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని అందులో స్పష్టంగా చెప్పింది. కానీ అఫిడవిట్‌లో ఒకటి, ఫ్లెక్సీ మీద ఒకటి ఉంటే ఈ సెక్షన్ ఫ్లెక్సీ జోలికి రాదు. అక్కడ అడగాల్సింది మనమే.

ఐటీ ఉద్యోగి, మ్యూనిక్:
ఇక్కడ జర్మనీలో, తనకు లేని పట్టా వాడుకోవడం నేరం. శిక్షాస్మృతి 132ఎ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు. కాపీ థీసిస్ బయటపడి 2011లో రక్షణ మంత్రి గుటెన్‌బర్గ్ రాజీనామా చేశారు, 2013లో విద్యామంత్రి షవాన్ పదవి వదులుకున్నారు. గుటెన్‌బర్గ్ థీసిస్‌ను ఆన్‌లైన్‌లో పేజీ పేజీ సరిపోల్చినవాళ్లు మామూలు జనమే. అచ్చయిన థీసిస్ ఎవరైనా తీసి చదవగలిగినందుకే అది కుదిరింది.

రిటైర్డ్ ఉద్యోగి, విశాఖ:
మనకూ ‘శోధ్‌గంగ’ ఉంది కదండీ, మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్. యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. పేరు కొడితే థీసిస్ కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పాత థీసిస్‌లు చాలా ఇంకా అందులోకి ఎక్కలేదు. కనపడలేదని ఎవరినీ దొంగ అనకండి, యూనివర్సిటీకి ఉత్తరం రాసి అడగండి.

లెక్చరర్, కర్నూలు:
నాది ఒక విన్నపం. ఈ అడగడం అందరినీ ఒకేలా అడగండి. మా కాలేజీలో పెద్ద పేరున్న అతిథిని ఎవరూ ఏమీ అడగరు. దళిత సహోద్యోగి పీహెచ్‌డీ పూర్తి చేసి వస్తే మాత్రం ‘‘ఏ యూనివర్సిటీ, నిజమేనా’’ అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన అన్ని కాగితాలూ బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. అందరికీ ఒకే ఫారం ఉంటే ఆ అవమానం ఉండదు.

గ్రంథాలయ కమిటీ సభ్యుడు, తెనాలి:
కర్నూలు లెక్చరర్ గారి మాట నాకు బాగా తగిలింది. ఫారం రాసి కమిటీ ముందు పెట్టాను: పట్టా పేరు, ఇచ్చిన సంస్థ, ఏడాది, పరిశోధనా, గౌరవమా. మా ఎమ్మెల్యే గారి నుంచి కవి సమ్మేళనానికి వచ్చే కుర్రాడి దాకా అందరికీ అదే. ఆరుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా గొణుగుతున్నారు. ఆ అతిథికి నేనే ఫోన్ చేస్తాను. ఆయన చేసిన సేవ పెద్దది, గ్రంథాలయానికి గది కట్టించారు. ‘గ్రంథాలయ దాత’ అని పేరు పక్కన వేస్తామని చెబుతాను. ఫారం నమూనా కావాలన్నవాళ్లు కింద రాయండి, పంపుతాను.