‘పతితే పతౌ’లో అవగ్రహం ఉందా, లేదా?

కోనసీమ కోడలు: ఒక శ్లోకం కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోందండీ. ‘నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ, పంచస్వాపత్సు నారీణాం...’ నాలుగో పాదం ‘పతిరన్యో విధీయతే’ అనే పుస్తకాల్లో చూశాను. మా తాతగారు మాత్రం ‘పతిరన్యో న విద్యతే’ అని చదివేవారు. భర్త చనిపోవడం, సన్యసించడం, పతితుడవడం లాంటి ఐదు ఆపదల్లో ఆడవాళ్లకు ఇంకో భర్తను విధించారని మొదటి పాఠం, ఇంకో భర్త లేడని రెండోది. అర్థం పూర్తిగా తలకిందులైపోతుంది కదా. ఈ రెండో పాఠం ఎవరైనా అచ్చులో చూశారా?

యతిప్రాస: ఛందస్సు మీకు సాయం చెయ్యదు. ‘విధీయతే’ అన్నా ‘న విద్యతే’ అన్నా ఐదో అక్షరం లఘువు, ఆరు గురువు, ఏడు లఘువు. మార్చినవాడెవడో గాని మంచి చెవి ఉన్నవాడు.

తాటాకు: పరాశర స్మృతిలోనూ నారద స్మృతిలోనూ ‘విధీయతే’నే. కాని అసలు కిటుకు నాలుగో పాదంలో లేదమ్మా, రెండో పాదం చివర ఉంది. ‘పతౌ’ అన్న రూపం వ్యాకరణానికి ఒప్పదు. ‘పతిః సమాస ఏవ’ అన్నాడు పాణిని, సమాసంలోనే అలా వస్తుందని. ఒంటరిగా నిలబడితే ‘పత్యౌ’ కావాలి. మరి ఋషి తప్పు రాస్తాడా? అక్కడ ఉన్నది ‘పతితేఽపతౌ’, సంధిలో పోయిన అకారానికి గుర్తుగా అవగ్రహం (ఽ) ఉంది. ‘కానివాడు’ అనే అర్థమిచ్చే నఞ్ సమాసం గనక రూపం చక్కగా కుదిరింది. అపతి అంటే ఇంకా పూర్తిగా పతి కానివాడు, కన్యను ఇస్తామని మాట ఇచ్చిన వరుడు. ఈ వెసులుబాటు నిశ్చితార్థం మాత్రమే అయిన పిల్లకు, వితంతువుకు కాదు.

హరిశబ్దం: అలాగైతే రోజూ పొద్దున్నే ‘రఘునాథాయ నాథాయ సీతాయాః పతయే నమః’ అనుకునేవాళ్లంతా అపశబ్దం పలుకుతున్నట్టే. ‘పత్యే’ అనాలి మరి. అక్కడ కూడా ఒక అకారం దాచి ‘సీతాయా అపతయే’ అందామా మాస్టారూ?

తాటాకు: తొందరపడకు నాయనా. ‘షష్ఠీయుక్తశ్ఛందసి వా’. పక్కన షష్ఠి ఉంటే ఆ రూపం వస్తుంది. రుద్రంలో ‘దిశాం చ పతయే’ వినలేదూ?

హరిశబ్దం: విన్నాను గాని సూత్రంలో ‘ఛందసి’ని, అంటే ‘వేదంలో’ అన్న మాటను, మీరు మింగేశారు. రుద్రం వేదం. రామస్తుతి ఎప్పుడు వేదమైంది? ఇంకో మాట. తత్త్వబోధిని అనే వ్యాకరణ వ్యాఖ్యలో జ్ఞానేంద్ర సరస్వతి ఈ సీతాపతినీ మన పరాశరుణ్ణీ పక్కపక్కన పెట్టుకునే సమాధానం చెప్పాడు. ‘పతి అని చెప్పబడినవాడు’ అనే అర్థంలో ణిచ్చు అనే ప్రత్యయం చేర్చి ఇంకో పతి శబ్దాన్ని సాధించి, పాణిని నిషేధం దీనికి తగలదన్నాడు. ఆ వ్యుత్పత్తి లాగి లాగి తెచ్చిందే, కాదనను. కాని అంత కష్టపడింది ఎందుకు? అక్కడున్నది ‘పతౌ’ అని ఒప్పుకున్నాడు గనకనే.

యతిప్రాస: మీ ఇద్దరికీ ణిచ్చులూ నఞ్ఞులూ ఎందుకండీ. ఈ ఛందస్సుకు లక్షణ శ్లోకం చూడండి, ‘ద్విచతుష్పాదయోర్హ్రస్వం సప్తమం’. సరి పాదంలో ఏడో అక్షరం లఘువు కావాలి. ‘క్లీబే చ పతితే పత్యౌ’ అంటే ‘ప’ గురువైపోయి పాదం కుంటుతుంది. అందుకే ‘పతౌ’ అన్నాడు. స్మృతికారులకు వ్యాకరణం కంటే నడక ముఖ్యం.

ఓరుగల్లు: అదే లక్షణ శ్లోకంలో ‘సర్వత్ర లఘు పంచమం’ అని కూడా ఉంది కద సార్. మొదటి పాదంల ‘ప్రవ్రజితే’ చూడండి. ఐదోది ‘ప్ర’, వెనక ‘వ్ర’ ఉంది గనుక గురువు. ఆరోది గురువు కావాలంటే లఘువున్నది. అక్కడ లేని పట్టింపు ఇక్కడ ఎందుకొచ్చె?

యతిప్రాస: బేసి పాదానికి విపుల అనే వెసులుబాటు ఉంది. సరి పాదానికి లేదు. ఆ తేడా తెలిసే రాశాడు.

పాత ఫైలు: గురువులఘువుల్లో పడి కాలం మర్చిపోతున్నారు. ఈ శ్లోకం పట్టుకునే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పుస్తకాలు వేశాడు. మరుసటి ఏడు జులైలో వితంతు వివాహ చట్టం వచ్చింది. 1879లో రాజమండ్రిలో వీరేశలింగం గారు ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడూ పరాశర వచనమే ఆయనకు ఆధారం. ‘కలౌ పారాశరాః స్మృతాః’ అని ఆ స్మృతే చెప్పుకుంది గనక కలియుగానికి ఇదే ప్రమాణమని వాదన. ఎదుటివాళ్లకు ఈ శ్లోకాన్ని కాదనడానికి లేదు. అందుకే దానిలోకి ఒక అకారాన్ని తోశారు. తాటాకుల మీద అవగ్రహం సాధారణంగా రాయరు. చెవికి అసలే వినపడదు. ఉందన్నా లేదన్నా ఎవరు కాదంటారు?

తాటాకు: తోశారని అనడం అన్యాయం. మాధవాచార్యులంతటివాడే దీన్ని ఈ యుగానికి ఒప్పుకోలేదు.

పాత ఫైలు: మంచిదే ఎత్తారు. 14వ శతాబ్దంలో ఈ స్మృతికి వ్యాఖ్యగా పరాశర మాధవీయం రాసిన ఆయన ఏమన్నాడు? ఈ పునరుద్వాహం (మళ్లీ పెళ్లి) యుగాంతర విషయం, అంటే వేరే యుగానిది అన్నాడు. ‘పునరుద్వాహం’ అన్నాడంటే మొదటిది ఉద్వాహమే, నిశ్చితార్థం కాదు. మీ ‘అపతౌ’ చేతిలో ఉంటే ఇంకో యుగం దాకా వెళ్లాల్సిన అవసరం ఏముంది? కలియుగానికని పేరుపడ్డ స్మృతిలోని మాట వేరే యుగానిదెలా అవుతుందన్నది విద్యాసాగరుడి ప్రశ్న. దానికి ఇవాళ్టికీ నాకు సరైన జవాబు కనపడలేదు.

కోనసీమ కోడలు: నా ‘న విద్యతే’ సంగతి...

నైషధప్రియ: అందరూ ‘పతౌ’ను పట్టుకున్నారు, మొదటి మాటను ఎవరూ చూడలేదు. ‘నష్టే’ అంటే చచ్చిపోయిన కాదు, కనపడకుండా పోయిన. చనిపోవడానికి పక్కనే ‘మృతే’ ఉంది. దానికి నిలువెత్తు ఉదాహరణ మన దమయంతి. నలుడు ఉన్నాడో పోయాడో తెలియదు, సూర్యోదయానికి రెండో భర్తను వరిస్తుందని సుదేవుడి చేత అయోధ్యకు కబురు పంపింది. తండ్రి భీముడికి తెలియనివ్వలేదు, తల్లితో మాట్లాడుకుని చేసింది. అది నలుణ్ణి రప్పించే ఎత్తే, సరే. కాని అయోధ్య రాజు ఋతుపర్ణుడు నమ్మి రథం కట్టించాడా లేదా? ఇద్దరు బిడ్డల తల్లికి రెండో స్వయంవరమేమిటని ఆ రాజు అడగలేదు. వినేవాళ్లకు నమ్మశక్యం కాకపోతే ఆ ఎత్తు పారేదే కాదు. ఈ ఘట్టం నైషధాన్ని తెనిగించిన శ్రీనాథుడి చేతిలో పడి ఉంటేనా!

ఓరుగల్లు: పడలే కద అన్నా. నైషధం పెళ్లి ముచ్చట్ల కాడనే ఆగిపాయె. దాని సంస్కృత మూలం రాసిన శ్రీహర్షుడు 22 సర్గలు రాసి కూడ నలుణ్ణి జూదం దాకా తీస్కపోలే. దమయంతి అడవి, ఆ కబురు, ఆ తెలివి అంతా నన్నయ అరణ్యపర్వంలనే దొరుకుతది. మీ కవి ఆమెను వర్ణించిండు, ఆమె బుర్రను చూపించింది భారతమే.

నైషధప్రియ: హంసతో ఆమె మాటలు చదవండి, బుర్ర కనపడుతుందో లేదో. హర్షుడి కవిత్వాన్ని మెచ్చలేనివాళ్లను ‘సోమరిపోతులు కొందఱయ్యలు’ అని శ్రీనాథుడు ముందే అన్నాడు లెండి.

హరిశబ్దం: దమయంతి వచ్చింది గనక నారదుణ్ణి పిలుద్దాం. ఇదే శ్లోకం నారదస్మృతిలో ఉంది. వెనకాలే ఏముందో ‘అపతౌ’ వాదులు చదవరు. ‘అష్టౌ వర్షాణ్యుదీక్షేత బ్రాహ్మణీ ప్రోషితం పతిమ్, అప్రసూతా తు చత్వారి’. దేశాంతరం పోయిన పతి కోసం బ్రాహ్మణ స్త్రీ ఎనిమిదేళ్లు చూడాలి, పిల్లలు పుట్టకపోతే నాలుగు. క్షత్రియకు ఆరు, మూడు. ఆ తర్వాత వేరొకరిని ఆశ్రయించవచ్చు. మాస్టారూ, నిశ్చితార్థం మాత్రమే అయిన పిల్లకు పిల్లలు పుట్టారా లేదా అన్న లెక్క ఎందుకు?

నైషధప్రియ: ఆ లెక్కన దమయంతి బిడ్డలున్న క్షత్రియ, ఆరేళ్లు ఆగాలి. నలుడు తిరిగొచ్చింది నాలుగో ఏట. రెండేళ్లు తక్కువైంది పాపం!

కాఫీ డికాషన్: నేను ఇక్కడ ఎక్కువగా చదువుతానే గాని రాయను. ఒకటి అడగాలనిపించింది. పరాశరంలో ఈ శ్లోకం వెనకే రెండు శ్లోకాలున్నాయి. ఒకటి భర్త పోయాక బ్రహ్మచర్యంలో ఉన్నామె స్వర్గానికి పోతుందని. ఇంకోటి సహగమనం చేసినామె ఒంటిమీద ఎన్ని వెంట్రుకలుంటాయో అన్నేళ్లు, మూడున్నర కోట్లు, స్వర్గంలో ఉంటుందని. మళ్లీ పెళ్లి చేసుకున్నామెకు మాత్రం ఏ స్వర్గమూ రాయలేదు. ‘విధీయతే’ అని ఒక్క మాట పడేశారు. ఎనిమిదక్షరాల పాదం కోసం ఇంత యుద్ధం చేసినవాళ్లు ఈ తూకం మీద ఏమన్నా అన్నారా?

పాత ఫైలు: మీరన్న తూకం చట్టంలోకీ వచ్చిందమ్మా. 1856 చట్టం రెండో సెక్షన్ చదవండి. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు చనిపోయిన భర్త ఆస్తిలో ఉన్న హక్కు వదులుకోవాల్సి వచ్చేది. ఆమె కూడా చచ్చిపోయినట్టే లెక్కగట్టి తరవాతి వారసులకు ఇచ్చెయ్యమన్నారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది సరే, ఆ ఇళ్లకు వంటవాళ్లు రాలేదు, చుట్టాలు రాలేదు. ఆ పనంతా నెత్తినేసుకున్నది వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆమె పేరు ఈ శ్లోకం చర్చల్లో ఎవరూ ఎత్తరు.

తాటాకు: భావోద్వేగం వేరు, పాఠనిర్ణయం వేరు. ‘అన్యః పతిః’ అన్నాడు గనక మొదటివాడూ పతేనని మీరింకా అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

హరిశబ్దం: అది తర్వాత. ముందు ‘అప్రసూతా తు చత్వారి’కి చెప్పండి.

తాటాకు: నారదుడు వేరు, పరాశరుడు వేరు.

హరిశబ్దం: శ్లోకం ఒకటే.

యతిప్రాస: ఒకటేనా? నారదంలో కొన్ని ప్రతుల్లో ‘క్లీబే చ’ బదులు ‘క్లీబేఽథ’ ఉండొచ్చు గదా, అప్పుడు నడక...

ఓరుగల్లు: సార్, ఇప్పుడు ఇంకో అవగ్రహం పుట్టియ్యకుండ్రి.