గోల్డ్‌మాన్ శాక్స్ ఇండియా ఆదాయం విడదీయడం ఎలా?

విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు కొత్త మార్కెట్లలో ఎలా పాతుకుంటాయన్న దాని మీద ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్నాను. గోల్డ్‌మాన్ శాక్స్‌ని తీసుకున్నాను. 2006లో కోటక్ మహీంద్రా గ్రూపులోని రెండు కంపెనీల్లో తనకున్న 25 శాతం వాటా అమ్మేసి ఇక్కడ సొంతంగా మొదలుపెట్టింది. అదే చైనాలో పూర్తి యాజమాన్యానికి అనుమతి 2021లో గానీ రాలేదు. ఇంతవరకు తేలింది.

చిక్కంతా ఆదాయం దగ్గరే. అమెరికాలో దాఖలు చేసే 10-కె అనే వార్షిక నివేదికలు మూడేళ్లవి చూశాను. అమెరికా ఖండాలు ఒకటి, యూరప్-మధ్యప్రాచ్యం-ఆఫ్రికా కలిపి ఒకటి, ఆసియా ఒకటి, ఇలా మూడే వరుసలు. జపాన్, చైనా, ఇండియా అన్నీ ఆసియాలో కలిసిపోయాయి. తర్వాత ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి, గోల్డ్‌మాన్ బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసులు నడిపే సర్వీసెస్ కంపెనీ లెక్కలు తెరిచాను. అక్కడున్నది గ్రూపు కంపెనీలకు చేసిపెట్టిన పనికి వచ్చే డబ్బు, ఇక్కడి డీల్స్ మీద ఫీజు కాదు. ఆ రెండూ కలిపేస్తే ప్రాజెక్టే తప్పవుతుంది, అందుకే ఇంతగా అడుగుతున్నాను.

ముంబైలో ఉన్న గోల్డ్‌మాన్ సెక్యూరిటీస్ కంపెనీ ఏఓసీ-4 (ఏటా లెక్కలు దాఖలు చేసే ఫారం) కూడా తీశాను. రిలేటెడ్ పార్టీ నోట్‌లో (సొంత గ్రూపు కంపెనీలతో లావాదేవీల వివరం) ఉన్న గ్రూపు ఆదాయాన్ని మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది ఇక్కడి క్లయింట్లదేనా, లేక మన షేర్లు కొనే విదేశీ ఫండ్ల బ్రోకరేజీ కూడా అందులోనే ఉంటుందా?