నూటపదహార్లు నిజాం రూపాయి లెక్కనా, శాస్త్రమా?

పరకాల పిల్లగాడు:
పెండ్లిల కట్నాలు రాసేకాడ ఎవరో ఒకరు అడుగుతనే ఉంటరు. నూరు గాదు, నూటిరవై గాదు, ఈ నూటపదహార్లు ఎక్కడియి? వాట్సాప్‌ల తిరుగుతున్న జవాబు ఇది: నిజాం కాలంల ఇంగ్లీషోళ్ల నూరు రూపాయలు మన 116 రూపాయలకు సమానమట, అందుకేనట. మనం రాసుకుంటున్న మాటల పట్టికల ఎక్కియ్యాల్నంటే ఏం రాయాలె?

హాలీసిక్కా:
ఉన్నదున్నట్టు రాయి తమ్మీ, చర్చ ఎందుకు? హైదరాబాద్ సంస్థానానికి సొంత రూపాయి ఉండె, హాలీ సిక్కా. ఇంగ్లీషు రూపాయిని మనోళ్లు కల్దార్ అనేది. 7 హాలీలు ఇస్తె 6 కల్దార్లు. నూరు కల్దార్లు కావాల్నంటే నూటిని ఏడుతోని గుణించి ఆరుతోని భాగించు. 116 మీద చిల్లర వస్తది. బెజవాడ చుట్టం నూరు చదివిస్తె, దానికి తక్కువ కావద్దని హనుమకొండ చుట్టం 116 చదివించిండు. గంతే.

పైపైసా లెక్క:
‘చిల్లర’ అని దాటేశారు. ఆ చిల్లరెంతో చెప్పండి సార్. 116 రూపాయల 10 అణాల 8 పైలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. వాటిలో 128 పైలు మీరు గాలికి వదిలేశారు. రూపాయిలో మూడింట రెండు వంతులది. సవరిస్తే 117 కావాలి గానీ 116 ఎట్లా అవుతుంది?

సరే, అది పక్కన పెడదాం. వెయ్యి కల్దార్లకు 1166 రూపాయల 10 అణాల 8 పైలు. మనం చదివించేది మాత్రం 1116. అయిదు వందలకు 583 రూపాయల 5 అణాల 4 పైలు. మనం రాసేది 516. మారకపు లెక్కే అయితే మొత్తం పెరిగినకొద్దీ పైన కలిపేది కూడా పెరగాలి. ఇక్కడ నూటికీ, అయిదు వందలకూ, వెయ్యికీ పదహారే. ఇది ఏడుకు ఆరు లెక్క కాదు, పదహారు కలిపే ఆచారం.

వడ్డేపల్లి కట్ట:
కాకతాళీయం గూడ కాకతీయుల నుంచే వచ్చిందట. అది గూడ ఎక్కియ్యుండ్రి.

నోటుపుస్తకం:
కట్ట తమ్మీ, అది కాకి, తాళం. తాళమంటే తాడిచెట్టు. కాకి వాలుడు, తాటిపండు రాలుడు ఒక్కసారే అయితే కాకి బరువుకే రాలిందనుకోవద్దని ఆ మాట. ఇక్కడ ఇద్దరూ చేస్తున్న పని అదే అనుకో.

హాలీసిక్కా:
అక్క నవ్వులాటకు అన్నది. నేను జవాబు చెప్తున్న. ఆ 10 అణాల 8 పైలు ఎటు పోయినయ్? బట్టాల, అంటే మార్పిడి కూలిల పోయినయ్. సిక్కా మార్సాల్నంటే సాహుకారు ఊకె మారుస్తడా? బట్టా పట్టుకుంటడు. రెండోది, 1116 సంగతి. ముందు నూటికి 116 అలవాటైంది. జనానికి ఏడు, ఆరు యాది ఉండది, పదహారు యాది ఉంటది. తర్వాత ఆ పదహారునే అయిదు వందలకు, వెయ్యికి తగిలించిన్రు. మొదలు లెక్క, తర్వాత అలవాటు. దీంట్ల తప్పేమున్నది?

పైపైసా లెక్క:
బట్టా నియమం తిరగేసి చూశారు. సాహుకారు పట్టుకునేది మీ దగ్గర. అప్పుడు నూరు కల్దార్లు చేతికి రావాలంటే 116-10-8 కన్నా ఎక్కువే పోయాలి, తక్కువ కాదు. 117, 118 అవుతుంది. 116 ఎప్పటికీ కాదు.

రెండో మాట బాగుంది, ఒప్పుకుంటాను. అట్లా జరగడానికి వీలుంది. వీలుండటం వేరు, జరగడం వేరు. ఇంకొకటి. హాలీ ఎన్నడూ చెల్లని విశాఖపట్నం, శ్రీకాకుళం దిక్కు కూడా నూటపదహార్లే చదివిస్తారు. వాళ్లకెవరు నేర్పారు?

హాలీసిక్కా:
ఎవరు నేర్పిన్రా? రైలు నేర్పింది. 1889 నుంచి బెజవాడకు మన దిక్కు నుంచి బండి నడుస్తున్నది. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లనే, దాని అవతల కృష్ణా జిల్ల. మునగాల పరగణా సూడుండ్రి: సుట్టూత నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్ల కింద ఇంగ్లీషోళ్ల భూమి. అటు అడుగు పెడితే కల్దార్, ఇటు పెడితే హాలీ. సరిహద్దు మీద పిల్లనిచ్చుకునేటోళ్లు, మిర్చి అమ్ముకునేటోళ్లు పూటపూటకు ఈ లెక్క చేసిన్రు. మాట అట్ల పోతది.

పైపైసా లెక్క:
మునగాల మంచి ఉదాహరణ, కాదనను. కానీ అది మీ దారి ఎట్లా ఉండొచ్చో చెబుతుంది, మాట ఆ దారిన పోయిందని చెప్పదు. 10 అణాల 8 పైలు ఇంకా తేలలేదు.

నోటుపుస్తకం:
మీరిద్దరు పైల మీద పడ్డరు గానీ కట్నాల పుస్తకం చూస్తే వేరే సంగతి కనిపిస్తది. చుట్టాలు రాయించేది ఎక్కువగా 51, 101, 501, 1001. చివర ఒకటి ఉండాలె, సున్నా మీద ఆగొద్దని. అందుకే కవర్లు అమ్మేటోళ్లు రూపాయి బిళ్ల అంటించి అమ్ముతరు. నూటపదహార్లు వచ్చేది పంతులుకు దక్షిణ, పండితునికి సంభావన, తాంబూలంల పెట్టే పైకం లాంటి వాటికి. కాబట్టి ‘సున్నా వద్దు’ అన్న కారణం 101కి సరిపోతది గానీ 116కు సరిపోదు. సున్నా తప్పించుకోను ఒక్క రూపాయి చాలు, పదహారెందుకు?

పైపైసా లెక్క:
పదహారు నిండుదనానికి గుర్తు అక్కా. చంద్రుడికి పదహారు కళలు, పూజకు షోడశోపచారాలు, మనిషికి షోడశ సంస్కారాలు. రూపాయికీ పదహారు అణాలే, ‘పదహారణాల తెలుగు’ అనేది అందుకే. నూరు మీద ఒక నిండు కలిపితే నూటపదహారు. సంభావనకూ దక్షిణకూ అదే ఎందుకన్నదానికి ఇది అతికినట్టు సరిపోతుంది. పట్టికలో ఇదే రాద్దాం. నిజాం లెక్కను కింద ‘అని కొందరంటారు’ అని పెడదాం.

హాలీసిక్కా:
ఇగో, దొరికిండ్రు.

నా లెక్కకేమో పైలు సుత లెక్కవెట్టిన్రు. ‘వీలుండటం వేరు, జరగడం వేరు’ అన్నరు. మరి చంద్రుని కళలు నూరు రూపాయల మీద ఎప్పుడు కూసున్నయ్? ఏ దానపత్రంల ఉన్నది? ఏ సంవత్సరం? అతికినట్టున్నదని రాస్తున్నరు. అతుకుడు రుజువయితదా? సంస్కృతం మాట సెప్తె సాక్ష్యం అక్కర్లేదు, నిజాం పేరు చెప్తె 10 అణాల 8 పైలు కావాలె. ‘అంటారు’ అన్న మాట మా దిక్కు మాటలకే ఎందుకు తగులుతది?

పోయినసారి నాణేల పట్టిక చేసినప్పుడు గూడ గిట్లనే అయింది. కాణీ, బేడ, పావలా ఉంచిన్రు. చారాణా, ఆఠాణా, బారాణా నేను ఎక్కిస్తె ‘ఇవి ఉర్దూ’ అని కొట్టేసిన్రు. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అనేది వరంగల్ల పుట్టిన పోరగాడు గాక ఇంకెవడు అంటడు?

వడ్డేపల్లి కట్ట:
అన్న గరమైండు.

నోటుపుస్తకం:
గరమైతే అయిండు గానీ అన్నదాంట్ల సగం నిజమున్నది సార్. నిజాం లెక్కకు ఎంత రుజువు అడిగిన్రో, షోడశానికి గూడ అంతే అడగాలె.

పైపైసా లెక్క:
సరే. చంద్రకళల మాట కూడా ‘అంటారు’ కిందికే పోతుంది. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. పదహారు కలిపే ఆచారం ఉందని మాత్రం రాద్దాం, ఎందుకో రాయొద్దు. 516, 1116 చూపిస్తే చాలు.

చారాణా కొట్టేసింది నేనే. అది తప్పు. ఉర్దూ అని తీసేస్తే జిల్లా, తహసీల్దార్, సర్కారు కూడా తీసేయాలి. పైగా చారాణా, ఆఠాణా, బారాణా ఈ మూడే ఎందుకు నిలిచాయో ఇప్పుడు చూస్తే లెక్కలోనే ఉంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. అణాకు ఆరుంపావు. పావు బిళ్ల లేదు కాబట్టి ఒక అణాకు 6, రెండింటికి 12, మూడింటికి 19 అని సర్దారు. అణా అణాగా నాలుగుసార్లు మారిస్తే 24 వచ్చేవి, నాలుగూ కలిపి మారిస్తే 25. ఒక పైస మునిగేది. నాలుగు, ఎనిమిది, పన్నెండు అణాలే ఎక్కడా సర్దకుండా 25, 50, 75 అయ్యాయి. అందుకే ఒక అణా, రెండణాల మాటలు బజారులోంచి పోయాయి, చారాణా, ఆఠాణా, బారాణా మిగిలాయి. పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది, చారాణా కోడి మాత్రం ఇంకా నడుస్తోంది. ఈ వివరణతో ఈ రాత్రే పట్టికలో ఎక్కిస్తాను.

హాలీసిక్కా:
ఎక్కియ్యుండ్రి. పక్కన ఇంకొకటి రాయుండ్రి: హాలీ 1948తోని పోలే. 1950 సంవత్సరంల భారత రూపాయి వచ్చినంక గూడ 1959 దాకా రెండూ పక్కపక్కనే నడిచినయ్. అంటే నయాపైసలు వచ్చినప్పుడు మన దిక్కు సంచిల మూడు లెక్కలున్నయ్: హాలీ అణా, కల్దార్ అణా, నయాపైస. కోస్తల రెండే. మనోళ్లకు ఏడుకు ఆరు నోటికి రాకపోతె బజారే నడవకపోవు. నా నూటపదహారు మాట దాని మీదనే నిలవడ్డది.

పైపైసా లెక్క:
మూడు లెక్కల మాట రాస్తాను, అది గట్టిది. నూటపదహార్ల పక్కన మాత్రం ‘అంటారు’ ఉంటుంది.

హాలీసిక్కా:
చారాణా ఇచ్చి బారాణా గుంజుకున్నరు. ‘అంటారు’ తీసెయ్యుండ్రి.

పైపైసా లెక్క:
10 అణాల 8 పైలు చూపించండి, తీసేస్తాను.

పరకాల పిల్లగాడు:
రేపు పొద్దున పెండ్లి ఉన్నది. నేను 101 రాయిస్తున్న.