తక్కువ కోట్ చేసినవాడికే పని ఇవ్వాలన్న రూలు ఉంచాలా, తీసేయాలా?

పన్నుదారు: నగరపాలక సంస్థలు రోడ్లు వేయించాలన్నా, పైపులు కొనాలన్నా టెండర్ పిలిచి, అర్హత ఉన్నవాళ్లలో అందరికంటే తక్కువ రేటు వేసినవాడికి ఇస్తాయి. ఇప్పుడేమో "రేటు ఒక్కటే ఎందుకు, నాణ్యతకూ మార్కులు వేద్దాం" అంటున్నారు. నాకైతే భయమే. రేటు అంటే కళ్లెదుట కనిపించే అంకె. మార్కులంటే వేసే మనిషి ఇష్టం. మీరేమంటారు?

వంతెన కింద: ఆ అంకె ఎలా పుడుతుందో కూడా చూడండి. కెనడాలోని మాంట్రియల్‌లోనూ తక్కువ రేటుదే పని. అయినా కాలిబాటలు, మురుగు కాలువల పనుల్లో కాంట్రాక్టర్లు రింగై, అంటే లోపల్లోపల కుమ్మక్కై, వంతులు వేసుకున్నారు. ఎవరి వంతైతే వాడు మిగతావాళ్లకు ఎంతెంత కోట్ చేయాలో చెప్పేవాడు. నిర్మాణ కాంట్రాక్టుల్లో అవినీతిపై 2011లో వేసిన షార్బొన్నో విచారణ కమిషన్ ముందు ఇదంతా బయటికొచ్చింది, 2015లో నివేదిక ఇచ్చారు. కాగితాల మీద చూస్తే ప్రతి టెండరూ పద్ధతి ప్రకారమే జరిగినట్టుంటుంది.

పన్నుదారు: రింగయ్యేవాళ్లు మార్కుల పద్ధతిలో మాత్రం కారా? పైగా మార్కులు వేసే నలుగురినీ కలుపుకుంటారు.

సగటు మనిషి: ఇటలీలో చాలాకాలం అన్ని బిడ్ల సగటుకు దగ్గరగా ఉన్నవాడికి పని ఇచ్చేవారు. ఆ సగటును తమవైపు లాగడానికి కంపెనీలు గుంపులు కట్టి బిడ్లు వేశాయి. 2003లో టురిన్ నగరం ఆ పద్ధతి వదిలేసి తక్కువ రేటుకు మారింది. ఆర్థికవేత్త ఫ్రాంచెస్కో డెకరోలిస్ దీన్ని పరిశీలించాడు. గెలిచిన రేట్లు తగ్గాయి, కానీ పనుల్లో ఆలస్యాలూ అదనపు ఖర్చులూ పెరిగాయి. కాబట్టి ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, ఎవరూ సంబరపడక్కర్లేదు.

పాత గుమాస్తా: టెండర్ సెక్షన్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా. మీరంతా కవర్లు తెరిచే రోజు గురించే కొట్టుకుంటున్నారు. ఆరోజు జరిగేది చాలా తక్కువండీ.

ముందు స్పెసిఫికేషన్ చూడండి. పంపు కావాలంటే ఎంత నీరు, ఎంత ఎత్తుకు, ఎంత కరెంటుతో ఎక్కించాలో రాస్తే చాలు. అలా రాయకుండా బరువు, ఫ్లాంజ్ (పైపు బిగించే అంచు) కొలతలతో సహా ఒకే కంపెనీ కేటలాగ్ దించేస్తారు. మిగతావాళ్లు రేటు చూడకముందే, టెక్నికల్ బిడ్‌లోనే ఎగిరిపోతారు. ఇక మిగిలిన ఒక్కడే "తక్కువ రేటు". టెండర్ అక్కర్లేని పరిమితికి లోబడేలా పనిని ముక్కలు చేయడం ఇంకో పాత విద్య.

అసలు డబ్బు పోయేది తర్వాత. కాలువ తవ్వకం అనుకోండి. అంచనాలో మట్టి 1,000 ఘనపు మీటర్లు, రాయి 50. మొదటివాడు ఘనపు మీటరు మట్టికి 100 రూపాయలు, రాయికి 400 వేశాడు: మొత్తం 1,20,000. రెండోవాడు మట్టికి 80, రాయికి 700: 1,15,000. పని రెండోవాడిదే. కింద ఎంత రాయి ఉందో అతనికి ముందే తెలుసు. తీరా తవ్వితే మట్టి 500, రాయి 550. బిల్లు 4,25,000 అవుతుంది. మొదటివాడికే ఇచ్చి ఉంటే 2,70,000తో పోయేది. రూలు తప్పలేదు, ఒక్క సంతకమూ తేడా లేదు.

పన్నుదారు: అంటే రూలు మంచిదే, అంచనా చెత్తది. నేను చెప్పిందీ అదేగా!

పాత గుమాస్తా: కాదండీ. అంచనా చెత్తగా ఉంటే లాభపడేది ఎవరో తెలిసి కూడా, ఐటమ్ వారీ రేట్లు చూడకుండా అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూడమంటోంది మీ రూలు. రాయికి 700 ఎందుకు వేశావని అడిగే అధికారం కమిటీకి ఉండాలి.

వంతెన కింద: యూరోపియన్ యూనియన్ 2014 నిబంధనల్లో, బిడ్ మరీ తక్కువగా ఉందనిపిస్తే వివరణ అడిగి తీరాలి. కానీ అనుకోని పరిస్థితి వస్తే మళ్లీ టెండర్ లేకుండానే కాంట్రాక్టు విలువలో 50 శాతం దాకా పెంచుకోవచ్చని కూడా ఉంది.

పన్నుదారు: సగానికి సగమా? మొత్తం కలిపే కదా?

వంతెన కింద: ఒక్కో మార్పుకు. టెండర్ తప్పించుకోవడానికి వరసగా మార్పులు చేయకూడదని రాశారులెండి. రుజువు చేసేదెవరు?

పాత గుమాస్తా: జనం చేయొచ్చు, కాగితాలు కనిపిస్తే. ఉక్రెయిన్‌లో 2016లో ప్రభుత్వ కొనుగోళ్లకు తప్పనిసరి చేసిన ప్రోజొర్రో అనే ఆన్‌లైన్ టెండర్ వ్యవస్థలో వేలం ముగియగానే ఓడినవాళ్ల బిడ్లు కూడా ఎవరైనా చూడొచ్చు. దానికి తోడు ప్రతి పనికీ అంచనా పరిమాణం, ఆఖరి బిల్లులోని పరిమాణం పక్కపక్కన పెట్టమనండి. రాయి 50 దగ్గర 550 కనిపిస్తే, ఓడిపోయిన మొదటివాడే గోల చేస్తాడు.

పన్నుదారు: దీనికి ఒప్పుకుంటా. ఐటమ్ రేట్లు ప్రశ్నించడానికీ సరే, ప్రశ్నా జవాబూ రాతలో ఉంటే. మార్కులకు మాత్రం ఒప్పుకోను.

సగటు మనిషి: పైపులకు వద్దు సరే. డిజైన్ చేసే కన్సల్టెంట్‌ను కూడా తక్కువ రేటుకే తెస్తారా? ఆ 50 అంచనా వేసింది అలా వచ్చినవాడేనేమో.