ఎన్‌పీఏలు తగ్గాయి సరే, మా బిల్లులు ఎందుకు ఆగుతున్నాయి?

అట్టపెట్టె_రేణిగుంట

రేణిగుంట దగ్గర చిన్న అట్టపెట్టెల యూనిట్ నాది. పద్నాలుగు మంది పనిచేస్తారు. మొన్న చిత్తూరులో ఒక పెళ్లిలో రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన నా పక్కన భోజనానికి కూర్చున్నాడు. "కంపెనీల అప్పుల గొడవ దేశంలో అయిపోయింది బాబూ. బ్యాంకుల లోన్లలో మొండిబాకీలు, అదే ఎన్‌పీఏలు, 2018 మార్చిలో 11.2 శాతం, 2025 మార్చికి 2.3. ఇంకేం భయం?" అన్నాడు. ఆకు ముందు వాదన ఎందుకని ఊరుకున్నాను. ఇక్కడ అడుగుతున్నా.

నా సరుకులో సగం కొనేది ఒకే కంపెనీ. పేరు చెప్పను. ఒకప్పుడు 45 రోజులకు డబ్బు పడేది. తర్వాత 60 అయింది, పోయిన ఏడాది 90, ఇప్పుడు 110. అడిగితే "అకౌంట్స్‌లో ఉంది" అంటారు. ఆ కంపెనీ మాత్రం బ్యాంకు కంతు ఒక్కటి కూడా తప్పలేదట, అదీ వాళ్ల మేనేజరే గొప్పగా చెప్పాడు. అంటే నా డబ్బుతో వాళ్ల కంతు కడుతున్నారు. బ్యాంకు పుస్తకం శుభ్రంగా ఉంది, నా పుస్తకం మురికైంది.

కంపెనీకి అప్పు బరువైతే ముందు తెలిసేది బ్యాంకుకు కాదు, నాలాంటి సప్లయర్‌కి. కాబట్టి ఎన్‌పీఏ శాతం చూసి ముప్పు పోయిందనడం తప్పు. కాదంటే చెప్పండి.

పలమనేరు_మాజీ_బ్యాంకరు

మీ పక్కన కూర్చున్నది నేను కాదు గానీ ఆయన మాటే నా మాట.

2015కి ముందు ఎట్లా ఉండేదో మీకు తెలియాలి. పెద్ద కంపెనీ వడ్డీ కట్టలేకపోతే కొత్త లోను ఇచ్చి పాత వడ్డీ జమ చేసుకునేవాళ్లం. అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణే, దాచడమెందుకు. రఘురామ్ రాజన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా 2015లో ఆస్తుల నాణ్యత సమీక్ష పెట్టారు, అంటే బ్యాంకులిచ్చిన లోన్ల తనిఖీ. దాచినవన్నీ బయటికొచ్చాయి. 11 శాతం అప్పుడు పుట్టిన రోగం కాదు, అప్పుడు బయటపడిన రోగం. 2016లో దివాలా చట్టం వచ్చింది. 2017 జూన్‌లో 12 పెద్ద ఖాతాలను ఆ దారికి పంపారు. ఎస్సార్ స్టీల్, భూషణ్ స్టీల్ చేతులు మారాయి. మన హైదరాబాదు ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను కొనేవాడు దొరక్క లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేయడానికి, పోయింది. రాచగున్నేరి పైపుల ఫ్యాక్టరీకి ఒకప్పుడు ల్యాంకో పేరే ఉండేది, అది ముందే వేరే గ్రూపు చేతికి పోయి బతికిపోయింది.

ఇప్పుడు 5 కోట్లు దాటిన ఏ ఖాతాలోనైనా కంతు ఆలస్యమైతే ఎస్ఎంఏ (కనిపెట్టి ఉండాల్సిన ఖాతా) అని ముద్ర పడుతుంది, ఆ సంగతి మిగతా బ్యాంకులన్నిటికీ తెలుస్తుంది. ఎన్‌పీఏ అయ్యే 90 రోజుల దాకా ఆగాల్సిన పనిలేదు. ఇంత కాపలా మా కాలంలో లేదు.

ఇంకో మాట. బిల్లు ఆలస్యం అప్పుకు గుర్తు కానే కాదు. చేతిలో డబ్బు దండిగా ఉన్న కంపెనీలు కూడా చిన్నవాడి బిల్లు ఆపుతాయి. అది బలం, బలహీనత కాదు.

కపిలతీర్థం_రోడ్డు

ఏం సామీ ఈ చర్చ. కంపెనీ మునిగితే ఓనరు మునుగుతాడు. నాకు షేర్లు లేవు, బాండ్లు లేవు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటుంది. నాకేంది?

ఎస్వీయూ_ఎకనామిక్స్

ఆ ఒక్క డిపాజిట్ చాలన్నా. యెస్ బ్యాంకు సంగతి గుర్తుందా? 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు దాని మీద మారటోరియం పెట్టింది, మనిషికి 50,000కు మించి తీయకూడదని. ఆ బ్యాంకుకు రోగం ఎక్కడ పట్టింది? అప్పుల్లో ఉన్న పెద్ద కంపెనీలకు ఇచ్చిన లోన్ల దగ్గర. మన టీటీడీ అంతకు కొన్ని నెలల ముందే అందులోంచి సుమారు 1,300 కోట్లు వెనక్కి తీసుకుంది. స్వామి డబ్బు గట్టెక్కింది గానీ, డిపాజిటర్లు ఏటీఎంల ముందు లైన్లలో నిలబడ్డారు. చివరికి స్టేట్ బ్యాంకు ముందుకొచ్చి నిలబెట్టింది.

బ్యాంకరు గారూ, మీతో సగం ఒప్పుకుంటాను. ఎన్‌పీఏ తగ్గడంలో వసూలు ఎంత, రైటాఫ్ (రాని బాకీ అని పుస్తకంలోంచి కొట్టేసింది) ఎంత అన్నది కూడా చెప్పాలి కదా సార్. పదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసింది పది లక్షల కోట్లకు పైనే. ప్రభుత్వ బ్యాంకుల మూలధనానికి ప్రభుత్వం పెట్టింది మూడు లక్షల కోట్ల పైమాటే. ఆ డబ్బు జనానిది.

అసలు సమస్య సగటులో ఉంది. దర్శనానికి సగటున ఎనిమిది గంటలు పడుతోందని ఎవరైనా అంటే, మూడొందల టికెట్టు వాడికీ పనికిరాదు, ధర్మదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాడికీ పనికిరాదు. కంపెనీల అప్పూ అంతే. కొన్నింటికి అప్పే లేదు. మన కరకంబాడి బ్యాటరీల కంపెనీ ఏళ్ల తరబడి తక్కువ అప్పుతోనే నడిచింది. వాటిని, పీకల్దాకా మునిగినవాటిని కలిపి సగటు తీస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అందుకే చూడాల్సింది వడ్డీ కవరేజీ. వ్యాపారంలో వచ్చిన లాభాన్ని కట్టాల్సిన వడ్డీతో భాగిస్తే వచ్చే అంకె. ఒక కంపెనీకి 100 కోట్ల అప్పు, 9 శాతం వడ్డీ, లాభం 11 కోట్లు అనుకోండి. అంకె 1.2. ఇప్పటికి కంతు ఏదీ తప్పలేదు, బ్యాంకుకు మంచి ఖాతా. గిరాకీ తగ్గి లాభం 15 శాతం పడి, వడ్డీ ఒక్క శాతం పెరిగిందా, లాభం 9.35, వడ్డీ 10. ఒకటి కిందికి జారింది. ఐఎంఎఫ్ 2019 అక్టోబరులో ఇదే లెక్క అమెరికా, చైనా, జపాన్ సహా ఎనిమిది పెద్ద దేశాలకు వేసింది. 2008 నాటి దెబ్బలో సగం దెబ్బ తగిలినా, కంపెనీల అప్పులో దాదాపు 40 శాతం, అంటే 19 లక్షల కోట్ల డాలర్లు, వడ్డీకి కూడా లాభం చాలని కంపెనీల చేతిలో ఉంటుందని తేల్చింది. ఆ రోజు ఎన్‌పీఏ చూస్తే ఏమీ కనపడదు.

పలమనేరు_మాజీ_బ్యాంకరు

అమ్మా, ఆ దెబ్బ వెంటనే తగిలింది కదా, కరోనా రూపంలో. అయినా కొంప మునగలేదు. కంతులు కట్టకుండా ఆరు నెలలు మారటోరియం ఇచ్చారు, చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్ల గ్యారంటీ లోన్లు ఇచ్చారు, దివాలా కేసులు ఏడాది ఆపారు.

ఎస్వీయూ_ఎకనామిక్స్

మునగలేదు సార్, ప్రభుత్వం కింద చెయ్యి పెట్టింది కాబట్టి. చెయ్యి పెట్టనిది ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ అప్పుడు చూశాం. 2018లో 91,000 కోట్ల అప్పుతో కట్టలేక చేతులెత్తేసింది. కొన్ని వారాల ముందు వరకు దానికి ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికన్నా పై రేటింగ్! ఎల్ఐసీది అందులో పావు వంతు వాటా. దాన్ని చూసి మ్యూచువల్ ఫండ్లు మిగతా ఫైనాన్స్ కంపెనీలకూ డబ్బివ్వడం ఆపేశాయి. వాటికి డబ్బు లేక బండ్ల లోన్లు బిగిశాయి, 2019లో కార్ల అమ్మకాలు పడిపోయాయి. మా నాన్న కొండకు జీపు తిప్పేవాడు. రెండో బండికి అడ్వాన్సు కట్టాక ఫైనాన్సు రాలేదు. ముంబైలో ఎవరో కట్టని అప్పుకు లీలామహల్ సెంటర్లో మా నాన్న అడ్వాన్సు పోయింది. అప్పటికి నాకు ఇదంతా తెలియదు, ఎకనామిక్స్‌లో చేరాకే అర్థమైంది.

తోతాపురి_బంగారుపాళ్యం

అమ్మాయి చెప్పింది మా మామిడికీ పనికొస్తుంది. 2025 జూన్ గుర్తుందా? గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత ఏడాది సరుకు డ్రమ్ముల్లో అట్లనే ఉండె. ఆ సరుకు మీదే బ్యాంకు లోను. సరుకు అమ్ముడుపోతే గదా లోను తీరేది, లోను తీరితే గదా కొత్త కాయ కొనేది. ప్రభుత్వం కిలో 12 రూపాయలంది, ఫ్యాక్టరీ 8, సర్కారు 4. ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజుల కొద్దీ నిలబడె. కాయ మెత్తబడి రోడ్డు పక్క పారబోసినోళ్లు ఎందరో. ఫ్యాక్టరీ వాళ్లను తిట్టినం, ఇప్పుడు అనిపిస్తుంది, వాళ్లకూ వెనకాల ఎవరో గేటేసి ఉంటారని.

అట్టపెట్టె_రేణిగుంట

తోతాపురి అన్నా, మీకూ నాకూ ఒకటే గేటు.

బ్యాంకరు సార్ చెప్పినదాంట్లో ఒకటి నాకు గట్టిగా తగిలింది. డబ్బున్నవాడు కూడా బిల్లు ఆపుతాడన్నారు. నిజమే. అయితే నా దగ్గర ఇంకో కంపెనీ ఉంది, మొదటి నుంచీ 90 రోజులే. ఎనిమిదేళ్లుగా 90, ఒక్క రోజు అటూ ఇటూ కాదు. వాళ్లను చూసి నాకెప్పుడూ టెన్షన్ లేదు. 45 నుంచి 110కి పోయినవాడే భయం. ఎన్ని రోజులన్నది కాదు, గడువు వెనక్కి ఎంత జరిగిందన్నదే గుర్తు అనుకుంటా.

చట్టం ఉంది కదా అనకండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో కట్టాలని 2006 నుంచే ఉంది. 2024 ఏప్రిల్ నుంచి కట్టకపోతే ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోనివ్వరు కూడా. అది రాగానే వాళ్ల పర్చేజ్ ఆఫీసు నుంచి ఫోన్, ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, అంటే చిన్న పరిశ్రమ అని చూపే రిజిస్ట్రేషన్ నంబరు, తీసేయమని. తీసేశా. ఏం చేయమంటారు, సగం ఆర్డరు వాళ్లది.

పలమనేరు_మాజీ_బ్యాంకరు

"ఎంత జరిగింది" అన్న మాటకు నేను తగ్గుతున్నా. మా బ్రాంచిలోనూ అదే చూసేవాళ్లం, స్టాక్ స్టేట్‌మెంట్‌లో క్రెడిటర్ల మొత్తం, అంటే సరుకిచ్చినవాళ్లకు కట్టాల్సింది, నెలనెలా పెరుగుతోందా అని. చూసేవాళ్లం అంటున్నా గానీ, నిజానికి చూసినట్టు టిక్కు పెట్టేవాళ్లం.

మీరు ఊహల మీద ఎందుకు ఉండాలి? కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో వంద రూపాయలు కడితే ఆ కంపెనీ బ్యాలెన్స్ షీటు వస్తుంది. లిస్ట్ కాకపోయినా సరే, ప్రైవేట్ లిమిటెడ్ అయితే చాలు. లాభం, వడ్డీ భాగించి చూడండి. ఛార్జీల జాబితా కూడా చూడండి, ఆస్తులు ఎవరి దగ్గర తాకట్టు ఉన్నాయో తెలుస్తుంది. దివాలాకు పోతే ముందు తాకట్టు ఉన్నవాళ్లు, మీరు చాలా వెనక. బ్యాంకులకే మొత్తం క్లెయిములో మూడో వంతు వస్తే గొప్ప. మీలాంటి సప్లయర్లకు వచ్చేది టీ ఖర్చు.

కపిలతీర్థం_రోడ్డు

నా డిపాజిట్ రెండు బ్యాంకుల్లో పెట్టుకుంటా. ఒక్కోదానికి 5 లక్షల బీమా ఉంది కదా.

అట్టపెట్టె_రేణిగుంట

వంద కట్టి చూశాను. రెండేళ్ల కింద వడ్డీ కవరేజీ అంకె 3.1. పోయిన ఏడాది 1.3. ఛార్జీల జాబితాలో బ్యాంకు పేరు కింద కొత్తగా రెండు ఫైనాన్స్ కంపెనీలు చేరాయి. కొత్త షెడ్డు అప్పుతో కట్టారు, అందులో మెషీన్లు ఇంకా తిరగడం లేదు.

సరుకు సగానికి తగ్గించి, మిగతాది అడ్వాన్సు ఇస్తేనే అందామా అనుకుంటున్నా.

పలమనేరు_మాజీ_బ్యాంకరు

మీ వరకు అదే సరైన పని. కానీ ఒకటి చెప్తా. వాళ్లకు మీలాంటి సప్లయర్లు ముప్పై మంది ఉంటారు. అందరూ వంద రూపాయలు కట్టి చూసి, అందరూ సోమవారమే అడ్వాన్సు అడిగితే, 1.3తో ఈడ్చుకుంటూ బతకగలిగిన కంపెనీ నెల తిరక్కుండా మూతపడుతుంది. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తర్వాత ఫండ్లు చేసింది కూడా ఇదే, ఎవరి వరకు వాళ్లు సరైన పనే చేశారు.

అట్టపెట్టె_రేణిగుంట

అందుకే పేరు చెప్పలేదు సార్. లారీకి సోమవారం పొద్దున ఆరింటికి చెప్పి ఉంచా. పంపాలా, ఆపాలా ఇంకా తేల్చుకోలేదు. పద్నాలుగు మంది జీతాలు ఏడో తారీఖు.