ఉగాది డిన్నర్: మెనూ చెఫ్‌కే వదిలేద్దాం

అందరికీ నమస్తే, ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నా, రెండు వారాల్లో మెల్‌బోర్న్ వచ్చేస్తా. 2026 ఉగాది మార్చి 19, గురువారం. హాల్లో బఫే వద్దు, మనం చూసిన ఆ చిన్న రెస్టారెంట్‌కే నా ఓటు. కానీ మెనూ ముందే పంపమని అక్కడి చెఫ్‌ని దయచేసి అడగకండి.

మొన్న సికింద్రాబాద్‌లో అలాంటి చోటే తిన్నా. మొత్తం 12 కుర్చీలు, వండేది ఓనరమ్మ ఒక్కతే. పొద్దున్నే మోండా మార్కెట్‌కి పోయి ఏది లేతగా దొరికితే అదే ఆ రోజు వంట, పలక మీద రాసి పెడతారు. మేం పోయినరోజు జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, చుక్కకూర మటన్. పప్పుచారు అడిగితే "ఇయ్యాల లేదు బిడ్డా, ఇంకో రొట్టె వేడిగ ఏస్త" అంది, పెనం మీంచి తెచ్చి నేరుగా ప్లేట్లో వేసింది, ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. అదే 80 ఐటమ్‌ల కార్డు పెడితే ఫ్రిజ్ నింపుకోవాల్సిందే, ఇంక ఆ లేతదనం ఎక్కడిది.

మెల్‌బోర్న్‌లో మార్చి అంటే ఎండాకాలం అయిపోయి ఆటమ్ మొదలు, అంజీర్, ద్రాక్ష బాగుంటాయి. అందుకే వంటకాల పేర్లు కాకుండా ఆరు రుచులు చెప్పి వదిలేద్దాం. క్వీన్ విక్టోరియా మార్కెట్ బుధవారం మూసేస్తారు, గురువారం ఉంటుంది, ఆ పొద్దున కొన్నవే వండమందాం.

ఆయనకి మనం ఇవ్వాల్సింది కరెక్ట్ లెక్క. పల్లీ, జీడిపప్పు పడనివాళ్లు, గుడ్డు తిననివాళ్లు, ఉల్లి వెల్లుల్లి ముట్టని పెద్దవాళ్లు, అన్నీ పేరుపేరునా. 22 సీట్లే కాబట్టి 5:30కి ఒక బ్యాచ్, 8కి ఒకటి. డబ్బులు ముందే కట్టాలి, వస్తామని రాకపోతే ఆయన కొన్న సరుకంతా వేస్ట్, అంత చిన్న కొట్టుకి అది పెద్ద దెబ్బ.

— అన్నా, పచ్చడి సంగతి? అత్తమ్మ అది లేకుండా ఉగాదే కాదంటోంది. ఎండు వేపపువ్వు తెస్తావా?

— పచ్చడి మనమే చేసి తీసుకెళ్దాం అక్కా, చెఫ్‌ని అడిగాకే. వేపపువ్వు ఎయిర్‌పోర్ట్‌లో డిక్లేర్ చెయ్యాల్సిందే, వాళ్లు తీసేసుకుంటే చేసేదేం లేదు, అందుకే అక్కడ ఎవరింట్లో ఉన్నా ఒక గుప్పెడు దాచండి.

— మా ఇంట్లో ఉంది. లెక్క నేను రాస్తా, ఆదివారంలోపు అందరూ చెప్పండి.

— థాంక్స్ అక్కా. చెఫ్‌కి ఫోన్ నేను చేస్తా, ఇక్కడ పొద్దున 9 అంటే అక్కడ మధ్యాహ్నం 2:30, అప్పటికి లంచ్ రద్దీ తగ్గుతుంది.