అర్థం కాని సినిమా నిజంగా గొప్పదా, లేక అలా నటిస్తున్నామా?

ఇంటర్వెల్:
‘మల్‌హాలండ్ డ్రైవ్’ చూశాను. 2016లో బీబీసీ 177 మంది విమర్శకులను అడిగితే, ఈ శతాబ్దంలో ఇదే మేటి సినిమా అన్నారు. అసలది టీవీ సీరియల్ కోసం తీసిన పైలట్, అంటే మచ్చుకి తీసే మొదటి ఎపిసోడ్. 1999లో ఛానెల్ వద్దంది. తర్వాత ఫ్రెంచి కంపెనీ డబ్బు పెడితే డైరెక్టర్ డేవిడ్ లించ్ ఇంకొన్ని సీన్లు తీసి ముగింపు అతికించాడు. సీరియల్లో ముందుముందు తేలాల్సిన చిక్కుముళ్లు అలాగే ఉండిపోయాయి. మనమేమో వాటిలో లోతులు వెతుకుతున్నాం!

ముందువరుస:
అతికించాడు, నిజమే. ఏం అతికించాడో కూడా చూడండి (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి). మొదట హాలీవుడ్‌కి వచ్చిన అమాయకురాలికి అన్నీ కలిసొస్తాయి. చివర్లో అదే నటి, నయోమీ వాట్స్, అన్నీ పోగొట్టుకున్న మనిషిగా కనిపిస్తుంది. దాంతో అంతకుముందు చూసిందంతా ఈమె కన్న కలేమో అనిపిస్తుంది. వద్దన్న పైలట్‌ని కలగా మార్చేశాడు. ఇంతకన్నా తెలివైన అతుకు నేను చూడలేదు.

ఇంటర్వెల్:
కల అనేస్తే ఏదైనా చెల్లుతుందిగా? గదిలో గుర్రాన్ని నిలబెట్టినా ఆర్టే. ప్రశ్నిస్తే టేస్ట్ లేదంటారు.

ముందువరుస:
చెల్లదు. డైరెక్టర్ బున్యుయెల్ 1962లో తీసిన ‘ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’లో విందుకొచ్చిన పెద్దమనుషులు గది దాటి బయటికి పోలేరు. అడ్డేమీ లేదు, అయినా కాలు కదలదు. ఎందుకో చెప్పడు. ఆ ఒక్కటి ఒప్పుకుంటే మిగతాదంతా పక్కా లెక్క. దాహమేస్తే గోడ పగలగొట్టి పైపులోంచి నీళ్లు తాగుతారు. గొర్రెలు లోపలికొస్తే కోసుకుని తింటారు. మర్యాదలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. ఒక్క వింత పెట్టి దాని వెంట చివరిదాకా వెళ్లాడు. మీ గుర్రం వల్ల ఆ గదిలో ఎవరికీ ఏమీ కాకపోతే అది ఉత్త అలంకారమే.

చెవులపిల్లి:
నేను కథ పట్టించుకోను. లించ్ తీసిన ‘ఇరేజర్‌హెడ్’ చీకట్లో, మంచి స్పీకర్లతో చూడండి. సినిమా పొడవునా యంత్రాల హోరు. ఏం జరుగుతోందో తెలిసేలోపే ఒంట్లో టెన్షన్ మొదలవుతుంది. దాని అర్థమేంటని ఎంతమంది అడిగినా లించ్ చెప్పలేదు. చెప్పి ఉంటే రెండోసారి చూసేదాన్ని కాదు.

ఇంటర్వెల్:
సరే, గొర్రెల సినిమా చూస్తాను. కానీ ‘మల్‌హాలండ్’లో ఆ కౌబాయ్ పాత్ర పైలట్‌లో మిగిలిపోయిన ముక్కే అంటాను.

ముందువరుస:
కల కంటున్న ఆమెను నిద్ర లేవమనేది అతనే కదండీ.

ఇంటర్వెల్:
ఆ లేపేదేదో ఓ గంట ముందు లేపాల్సింది.